రెండున్నర తులాల రాణి

నారాయణపేట సరాఫు బజారు.
కొలిమి ఇంకా రాజుకోలేదు.
మద్దూరు మాసమ్మ కొంగు ముడి పళ్లతో విప్పి
బల్ల మీద రెండు బిళ్లలు పెట్టింది.
ఒకటి వెండి. ఒకటి కంచు.
రెండింటి మీదా ఒక్క రాణే.
వెండి రాణికి ముక్కుంది, కొప్పుంది, కోపముంది.
కంచు రాణి అరిగి అరిగి
మబ్బు చాటు చందమామైంది.

"వెండిది కరిగియ్యి అవుసలాయనా,
బోరు మోటరు కాలింది."

అంచు మీద అక్షరాలు.
భూతద్దం కంటికి ఇరికించి
బియ్యంలో వడ్లు ఏరినట్టు ఏరుకున్నా:
కెప్టెన్ జె. ఆర్. ఫెన్విక్,
మూడో రిసాలా, హైదరాబాద్ కంటింజెంటు.
పైన పూల పట్టీలో బర్మా, రెండేళ్ల అంకెలు.

నాకిది చాలు.
కొక్కెం చూసి గొలుసు బరువు చెప్పేవాణ్ణి,
పేరు చూసి దొర బతుకు చెప్పలేనా?
ఇరవయ్యో ఏట ఓడ దిగుంటాడు.
బొల్లారం ఎండకు ముక్కు తోలు ఊడుంటుంది.
హింగోలీలో బల్లెంతో పందుల్ని తరిమి తరిమి
ఒక సాయంత్రం, యుద్ధమంటే ఇంతే అనుకుని ఉంటాడు.
ఐరావతి ఒడ్డున, వెదురు పొదల్లో
శత్రువు కనిపించడు, దోమ కనిపిస్తుంది.
కత్తి దూసింది మూడుసార్లు,
జ్వరంతో వణికింది తొంభై రాత్రులు.
ఆ తర్వాత పరేడు, బ్యాండు మేళం,
రొమ్ము మీద ఎర్ర రిబ్బను, రెండు నీలం చారలు...

"చూసొచ్చినట్టే చెప్తున్నవ్" అంది మాసమ్మ.
"మా ఇంట్ల దొర ముచ్చటే లేదు.
గుర్రం ముచ్చట.
దాని పేరు మోతి.
ఎడమ దిక్కు నుంచి పోతె కరుస్తది.
ఉప్పు పెడితె ఊకుంటది.
ఆ ఏరు మన కిష్ణ కంటె వెడల్పంట,
దొర దాని వీపు మీద కండ్లు మూసుకుంటె
మా తాత కతలప్ప తోక పట్టుకోని ఈదిండు.
వీపు మీదోనికి వెండి.
తోక పట్టినోనికి కంచు."

"గుర్రానికి?"

"చెప్పిన గద, ఉప్పు.
అది గూడ మా తాత బువ్వల ఉప్పు."

మరి దొర వెండి మీ ఇంటికెట్లా వచ్చింది?

"ఏడు నెలల జీతం బాకి.
ఓడెక్కపోయే నాడు రొమ్ము మీదిది తెంపి
చేతుల పెట్టిండు.
మల్లొచ్చి ఇడిపిచ్చుకుంట అన్నడంట."

చిమటా నా చేతిలోనే ఆగింది.
ఇది బహుమానం కాదు, తాకట్టు.
నూరేళ్ల వడ్డీ వేళ్ల మీద మొదలుపెట్టి
మూడో వేలి దగ్గర మానేశాను.
కుదువ సొమ్ము కరిగించే ముందు
ఆసామిని మూడుసార్లు పిలవాలి, మా నాయన పద్ధతి.
గడప దాకా వెళ్లి
ఎవరూ వినకుండా పిలిచాను,
ఫెన్విక్ దొరా.
ఫెన్విక్ దొరా.
సోడా బండి వెళ్లిపోయింది.
మూడోసారి గొంతు కొంచెం పెంచాను.
ఎదురు కొట్టు సేటు తల తిప్పి చూశాడు.

త్రాసు తీశాను. వెండి వెయ్యబోతే
"ఆగు" అంది మాసమ్మ,
కంచు రాణిని పళ్లెంలో పెట్టింది.
"ఇది రెండున్నర తులాలు.
మా అవ్వ సంతల దీంతోనే మిరియాలు తూచేది.
ముందుగాల నీ రాళ్లు సరిజూడు."

చూశాను.
రాణే నాలుగు గురిగింజలు తక్కువ తూగింది.
ఎన్ని సంతలు, ఎందరి చారులో
అన్నన్ని మిరియాలు తక్కువ పడ్డాయో!
అది చెప్పలేదు గానీ, అడిగాను:
"నా తూకం మీద నమ్మకం లేదా?"

"నమ్మకానికేముంది అవుసలాయనా,
దొర మాట నమ్మలేదా ఒకపారి."