ఆదరసెట్టి

లొల్ల లాకుల కాడ మా తాత పేరు
ఆదరసెట్టి యాకోబు.
విన్నవాళ్ళు ఒక్క క్షణం ఆగి
మమ్మల్ని ఏ వీధిలో కూర్చోబెట్టాలో తేలక
"ఇంతకీ ఎవరాళ్ళండీ తమరు?" అనేవారు.
సెట్టి ఉంది గదా, కొట్టు లేదు.
త్రాసు పట్టిన చెయ్యి మా వంశంలో ఒక్కటీ లేదు,
అన్నీ లాకు చక్రం తిప్పి తిప్పి కాయలు కాసినవే.

మొన్న కార్తీకంలో ఇంగ్లండు నుంచి ఉత్తరం.
విన్నిఫ్రెడ్ అనే ఆవిడ రాసింది.
మనవడి ఇంగ్లీషు మాస్టారు చదివిపెట్టాడు.
హాథర్‌సెట్ అనే ఇంటిపేరు
లోకం మొత్తం మీద పదకొండు మందికే మిగిలిందట.
వాళ్ళలో ఒకడు కాలవలు తవ్వించడానికి
గోదావరికి వచ్చి తిరిగి వెళ్ళలేదట.
మీకేమైనా తెలుసా అని.

తెలుసు.
జ్వరంతో పోయాడు.
నూకాలు కడుపులో ఒకణ్ణి వదిలి పోయాడు.
కరణం దస్త్రం తెరిచి
ఆ పేరుని రెండుసార్లు నోట్లో తిప్పి చూసి,
"హ" మింగేసి,
మిగిలినదాన్ని తనకి తెలిసిన అక్షరాల్లో కూర్చోబెట్టాడు.
అంతే.
పోయిన మూడు నెలలకి దొర సెట్టయ్యాడు.

ఉత్తరంతో పాటు పటం పెట్టింది ఆవిడ,
ఒక కొండ పక్కన మూడు చుక్కలు,
ఏదో రేవు పట్నంలో రెండు,
మిగతావి దూరదూరంగా, చెదిరిన ఆవగింజల్లా.
మాస్టారి ఎర్ర పెన్ను అడిగి తీసుకుని
ఆ కాగితం వెనక నాకు తెలిసిన గోదావరి గీశాను.
లొల్లలో రెండు గడపలు.
రాజోలు సెంటర్లో జాకెట్లు కుట్టే చిన్నాన్న కొడుకు,
బోర్డు మీద వాడు ఆదర్శశెట్టి, పెయింటరు దయ.
యానాం వెళ్ళిన పెదతాత పిల్లలు
ఫ్రెంచివాళ్ళ రిజిస్టరు ఎక్కి
తోక రాల్చుకుని అదెర్సే అయ్యారు.
బెండమూర్లంకలో ఒకడుండేవాడు,
తొంభై ఆరు తుఫాను తర్వాత కబురు లేదు.
చుక్క పెట్టాను. కొట్టెయ్యలేదు.
మా అన్నయ్య కొత్త కార్డులో ఆధారశెట్టి.
"ఆధార్ కార్డే గదండీ, సరిపోయింది"
అన్నాడట మీసేవ కుర్రాడు.

వాళ్ళకి ఇంటిపేరు మనిషి వెనకాల నడుస్తుందట.
మాకు ముందు నడుస్తుంది,
చీకట్లో లాంతరు పట్టుకున్నట్టు.
ఆ లాంతరు వెలుగులోనే
అవతలివాళ్ళు మన మొహం చూసి తలుపేసుకునేదీ.

పేరుకి అర్థం కూడా రాసింది.
రాతినేల మీద ఊదాపూల పొదలు,
వాటి నడుమ గొర్రెల దొడ్డి.
మాకు రాయంటే ఆనకట్టకి మోసుకొచ్చిందే.
ఊదాపూలు మాత్రం
కిటికీ తీస్తే కాలవ నిండా.
గుర్రపుడెక్క.
అదీ ఎవరో తెచ్చి పడేసిందే,
దాన్ని మాత్రం ఎవరాళ్ళని ఎవరూ అడగరు.
తాత వెదురుగెడతో తలుపు సందుల్లోంచి లాగి
గట్టు మీద ఎండేసేవాడు,
వారం తిరక్కుండా మళ్ళీ పూసేది.

పడవలవాళ్ళు అరుస్తుంటే అనేవాడు తాత,
"తొందరపడకండ్రా.
ఇటు నీళ్ళూ అటు నీళ్ళూ ఒక మట్టానికి వచ్చేదాకా
దేవుడొచ్చి తోసినా ఈ తలుపు రాదు."

ఉత్తరం అడుగున చిన్న అక్షరాలు.
మాస్టారు వదిలేశాడు, నేను వేలు పెడితే చదివాడు.
"ఆ పదకొండు మందిలో నేను లేను.
పెళ్ళితో నా పేరు మారింది."

నేను గీసిన గోదావరి వంక చూశాను.
అందులో నా చుక్క లేదు.
పందొమ్మిదో ఏట బొంతు వారి కోడలినయ్యాను,
పెన్ను పట్టుకున్న చేతిని లెక్కపెట్టాలని
ఎవరికి తడుతుంది?

ఆత్రేయపురం పోస్టాఫీసులో కవరు అంటిస్తుంటే
కొత్తగా వచ్చిన గుమాస్తా
"పంపేవారి ఇంటిపేరు రాయలేదండీ" అన్నాడు.
రెండూ నోటిదాకా వచ్చాయి.
"లాకులాళ్ళమండీ" అన్నాను.
తల ఎత్తకుండా రాసుకున్నాడు,
లాకుల రాహేలు.
రసీదు చేతిలో పెట్టి
చిల్లర లేదన్నాడు.