సోమలింగం

స్విండన్‌లో వాన, మూడో అంతస్తు.
ఒక్క ప్రాసెసర్‌తో నిన్నంతా కుదిరిన బిల్డు
నాలుగింటితో నడిపితే ఇవాళ కుప్పకూలింది.
ఐడీఎల్ కంపైలరు స్టబ్బుని ఇంకా కననేలేదు,
క్లయింటు అప్పుడే దాని హెడరుని
పేరు పెట్టి పిలుస్తోంది.

ఆలు లేదు చూలు లేదు, అన్నాను పైకే.
గ్లెనిస్ కుర్చీ తిప్పింది.
విడమరిచి చెప్పాను, కొడుకు పేరుతో సహా.
పదకొండేళ్లుగా మేక్‌ఫైళ్లు కాస్తున్న మనిషి,
నవ్వలేదు.

నియమం రాశాను: ముందు స్టబ్బు, తర్వాతే క్లయింటు.
మళ్ళీ తిట్టింది మేక్.
నా వరుస మీద ఆమె వేలు:
"ఇవి ఎనిమిది ఖాళీలు. ట్యాబ్ కావాలి."
కంటికి రెండూ ఒకే తెలుపు.

ఈసారి మూడు పనులు పరుగెత్తాయి,
ఒకటి పురిటిగది బయట నిలబడింది.
బస్సుకని గొడుగు తీసుకుంటూ గ్లెనిస్ అడిగింది,
"పుట్టాడా, సోమాలింగమ్?"