సుద్ద లాగిన నూనె

ఇనుమంతా ఇంట్లో వదిలేసి
కర్రొక్కటే తెచ్చాడు నేలపూడి సువార్తరాజు,
పాత లుంగీలో చుట్టి, చంకలో పెట్టుకుని,
తాటిపాక సెంటర్లో బస్సు దిగి.
గొట్టాలు లేకపోతే తుపాకీ
విరిగిన తెడ్డులా ఉంటుందని
నాకప్పుడే తెలిసింది.

"నూనె మరక తియ్యాలి మేస్త్రీ.
మిగతా పాలిష్ చెడకూడదు.
సోమవారం రాజమండ్రి షాపులో అప్పగించేస్తాను.
ఇంక లైసెన్సు వద్దని రాసిచ్చేశానండి."

టేకు నాకు తెలుసు. పనస తెలుసు.
తలుపులు, ఉయ్యాల బల్లలు, చర్చి హార్మోనియం పెట్టె,
ఒకసారి వానలో రాత్రి రెండు గంటలకి శవపెట్టె.
అక్రోటు కర్ర మాత్రం ఇదే మొదలు.
గోరుతో నొక్కాను, వాసన చూశాను,
నాలిక కొస ఆనించబోయి
ఆయన చూస్తున్నాడని మానేశాను.

మెడ దగ్గర నలుపు.
ఇరవై రెండేళ్ళు బ్యాంకు మూల నిలబడ్డ తుపాకీ.
ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో పెట్టి వస్తే
తుప్పు పడుతుందని ఏ కానిస్టేబులో
జాలిపడి నూనె పోశాడు, చేతికొచ్చినంత.
నూనెకి తెలిసిన దారి ఒకటే, కిందికి.
ఇనుములోంచి కర్రలోకి, కర్ర పోగుల్లోకి,
కాలవ నీళ్ళు చేలోకి ఊరినట్టు,
ఎవరూ గండి కొట్టకుండానే.

చాలామంది ఉప్పుకాగితం అందుకుంటారు.
అది మరకని తియ్యదు, కర్రని తీస్తుంది.
లోపలికి పోయినదాన్ని గోకితే రాదురా,
పిలవాలి, అనేవాడు మా నాన్న.

సుద్ద దంచి, పాత ధోవతిలో జల్లించి,
పెట్రోలుతో అట్లపిండిలా కలిపి
మెడ చుట్టూ పట్టు వేశాను,
బెణికిన మణికట్టుకి వేసినట్టు.
ఎండ లేదు. మూడు రోజులుగా ముసురు.
గోదారి ఎర్రబడిందని లాకుల దగ్గర అనుకుంటున్నారు.
పెట్రోలు ఎగిరిపోయేదాకా ఆగి
వంద క్యాండిల్ బల్బు కింద పెట్టాను,
కోడిపిల్లలకి కాపడం పెట్టినట్టు.

మొదటి పట్టు పాతబెల్లం రంగులో ఊడింది.
రెండోది పసుపు.
మూడోది ఎందుకో మళ్ళీ బెల్లమే.
అయిదోది తెల్లగా రాలింది.
నలుపు పోయిన చోట
అల వెనక్కి తగ్గాక ఇసుక మీద మిగిలే
గీతలు.

అప్పుడు చూపించాడు రెండో మరక.
వెనకవైపు, చెంప ఆనే చోట,
అరచెయ్యంత.
"అసలు తియ్యాల్సింది ఇదండి."

తుపాకీ నూనె ఇక్కడిదాకా రాదే, అన్నాను.
బయట కొబ్బరికాయల లారీ వెనక్కి వస్తోంది.
అది ఆగేదాకా ఆయన మాట్లాడలేదు.

"ఒక్కసారీ పేల్చలేదు మేస్త్రీ.
రాత్రి ఒంటిగంట దాటాక
బల్ల మీద అడ్డంగా పెట్టి
దానిమీదే తల వాల్చేవాణ్ణి.
ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని భయం,
తలకింద ఉంటే తెలుస్తుంది కదా.
తొమ్మిదిమంది మేనేజర్లు మారారు,
ఒక్కడికీ దొరకలేదు.
ఇప్పుడా షాపువాడు ఈ కర్ర చూసి నవ్వుతాడు."

నేను నవ్వలేదు. పట్టు వేశాను.
బల్బు వెలుతురు కంట్లో పడుతున్నా
ఆ రాత్రి నాకూ
అక్కడే, రంపప్పొట్టు బస్తా మీద, కన్ను మూతపడింది.

పొద్దున్నకి రెండు కాగితాల్లో రెండు సుద్దలు.
మెడ నించి రాలినదాని జోలికి
ఏ పురుగూ పోలేదు.
రెండోదాని చుట్టూ చీమలు.
గుమ్మం దాకా బారు తీరి
పలుకు పలుకూ మోసుకుపోతున్నాయి.
చిటికెడు తీసి వాసన చూశాను.
కొబ్బరినూనె. పాతబడి, కాస్త కనరెక్కి,
అయినా కొబ్బరినూనె.

లక్క పాలిష్ పల్చగా ఒక్క చెయ్యి వేశాను.
ఈ చెమ్మకి తెల్లబోతుందేమో, చెప్పలేను.

ఆయన వచ్చాడు.
కర్ర కంటే ముందు
గుమ్మంలో బారు చూశాడు, కాగితం చూశాడు,
మళ్ళీ బారు చూశాడు.
తొక్కకుండా కాలెత్తి దాటి
లోపలికొచ్చి
ఎంతివ్వమంటారు అన్నాడు.

మెడకి మాత్రమే చెప్పాను.