కుట్టుకి పేరు

మా భాషలో పద్యంలోని ఒక పంక్తిని డేరా అంటారు.
సగం పంక్తి, తలుపు రెక్క.
రెండక్షరాలు కలిస్తే తాడు,
మూడు కలిస్తే మేకు.
ఇరవై రెండేళ్లుగా తిజిక్జా బడిలో
ఇదే పాఠం, ఇదే సుద్దముక్క.
ఎడారి ఇసుక కిటికీలోంచి వచ్చి
నాకంటే ముందే నల్లబల్ల మీద కూర్చుంటుంది.

పరీక్షలో అడిగాను:
సడలింపు ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు?
ఒక్క వాక్యం జవాబు. తాడుకి చెల్లుతుంది, మేకుకి చెల్లదు.
వెనక బెంచీ సల్కా ఇలా రాసింది:
"గాలి ఎక్కువైతే తాడు కాస్త వదలాలి.
మేకు వదిలిందా, మా అవ్వ చంపేస్తుంది."
ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాను.
'పరిభాష వాడలేదు' అని పక్కన రాశాను.
రెండు మార్కులు కోత.
సిరా ఆరకముందే అనుమానం వచ్చింది గానీ
కాగితాల కట్ట అప్పటికే బస్సెక్కింది.

ఖర్జూరం పండే నెల. సెలవులు.
ఎండిన వాగు ఒడ్డున, తోటల దాపున,
రాత్రి గాలికి కూలిన డేరాని
ఒక ముసలావిడ మళ్లీ నిలబెడుతోంది.
పళ్ల మధ్య సూది. భుజం మీద మేకవెంట్రుకల దారం.
తాడు పట్టుకున్నది సల్కా.
నన్ను చూసి సలాం చేసింది,
తాడు మాత్రం వదల్లేదు.

"పద్యాలకి కొలతలు వేసే పంతులువి నువ్వేనా?"
అంది ఎమ్నేటవ్వ.
"ఏం చెబుతావో నాకూ చెప్పు."
చెప్పాను. డేరా, తలుపు రెక్క, తాడు, మేకు.
సూది తీసి చేత్తో పట్టుకుని మరీ నవ్వింది.
"ఇవన్నీ నా ఇంటి సామాన్లే కదయ్యా!
చెప్పాపెట్టకుండా ఎవడు పట్టుకుపోయాడు?"

నాకు రోషం వచ్చింది.
వృత్తాల పేర్లు వరసగా వల్లించాను:
పొడుగుది, పరుచుకున్నది, తేలికది, వణికేది...
వణికేదాని దగ్గర ఆపింది.
"ఒంటె లేవబోతే తొడలు వణుకుతాయి, ఆ జబ్బేనా?
మా బూడిదరంగు దానికి వచ్చింది.
మూడడుగులు వేసి కూలబడేది.
నా అరచేతిలో ఉప్పు నాకేది."
ఆ పేరు మీద కవిత్వం ఎలా చెబుతారని
అడుగుతుందనుకున్నాను.
అడగలేదు. దారం నోట్లో పెట్టి తడుపుకుంది.

టీ రెండో గ్లాసు దాకా ఎవరూ మాట్లాడలేదు.
"మరి కుట్టుకి ఏం పేరు పెట్టారు?"
ఏ కుట్టు?
"పట్టీకి పట్టీ కలిసే చోటు.
ఇందులో ఎనిమిది పట్టీలు నేను నేసినవి, రెండు మా అమ్మవి.
తొలివానకి సూది బెజ్జాల్లోంచి కారుతుంది.
పిండి తడుస్తుంది, పిల్లలు గోల పెడతారు.
ఇంకాస్త తడిశాక వెంట్రుక ఉబ్బుతుంది,
బెజ్జం పూడుతుంది.
ఇక తెల్లవార్లూ కురిసినా చుక్క రాదు.
మొదట కారి, తడిసి తడిసి,
తనంతట తానే మూసుకునే పద్యం ఉంటుంది చూడు,
దాన్నేమంటారు?"

నాలుక చివరికి చాలా వచ్చాయి.
ఉపమ, రూపకం, శ్లేష, అన్యాపదేశం.
ఒక్కటీ ఆ బెజ్జంలో దూరలేదు.

మార్కుల సంగతి సల్కా ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు, పిరికితనం.
వెళ్లేముందు మర్యాదకి ఒక మేకు దిగ్గొట్టాను, నిటారుగా.
అవ్వ దాన్ని పెరికి
డేరాకి ఎదురువైపు వాల్చి కొట్టింది.
"నీ పుస్తకంలో గాలి ఉండదేమో."

బడి తెరిచిన రోజు
పేర్లన్నీ బల్ల మీద రాసి, కింద ఒక గీత గీసి
ఖాళీగా వదిలేశాను.
పిల్లలు బుద్ధిగా అంతా ఎక్కించుకున్నారు, ఆ ఖాళీతో సహా.
సల్కా కలం మూసే ఉంది.
దారి తప్పిన మబ్బొకటి కొండ మీదికొచ్చింది,
అటే చూస్తోంది.