ఎడమ చెవి కొస

నా ఆటోలో ఆరు బోన్లు పడతాయి.
ఏడోది అసిరితల్లి ఒళ్లో పెట్టుకుంటుంది.

మిల్లుకి తాళం పడి పదకొండేళ్లు.
గేటు మీది నోటీసు వానలకి కరిగిపోయి
మేకు ఒక్కటే మిగిలింది.
జనపనార బేళ్ల కింద ఎలకల కోసం పెంచిన పిల్లులు,
లాకౌటు సంగతి వాటికెవరూ చెప్పలేదు,
ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.
బాయిలర్ గదిలో పిల్లల్ని పెట్టి
క్వార్టర్ల రేకుల మీద కొట్టుకుని
అచ్చం చంటిపిల్ల ఏడ్చినట్టే అరిస్తే
కాలనీ అంతా లేచి కూచునేది.

ఎవరో అన్నంలో మందు కలిపారు.
తెల్లారేసరికి కాలవ గట్టున పదమూడు.
చింతపల్లి చేపల గంప పక్కన దించి
అసిరితల్లే గోనెలోకి ఎత్తింది.
ఆ గోనె మీద మిల్లు ముద్ర ఇంకా చెరగలేదు.

అప్పట్నుంచీ మేం నలుగురం.
అసిరితల్లి.
టైమాఫీసులో కార్డులకి చిల్లులు కొట్టిన గురివినాయుడు గారు.
డిగ్రీ రెండో ఏడు తస్లీమా, బోన్లు ఆ పిల్ల చందాలతో కొన్నవే.
కిరాయి సగమే తీసుకునే నేను.
(ఆ సగమైనా ఎందుకని మా ఇంటిది అడగదు,
మిగతా సగం ఏదని అడుగుతుంది.)

శనివారం రాత్రి తూకం గది వెనక నక్కుతాం.
బోనులో ఎండు మెత్తళ్లు నాలుగు.
దోమలు కుట్టినా చప్పుడు చెయ్యకూడదు.
ఆ గళ్ల గండుపిల్లి పేరు వీవింగ్ మాస్టరు.
మెత్తళ్లు తిని, తలుపు పడకుండా,
మీసం దులుపుకుని వెళ్లిపోతుంది.
మూడు నెల్లు ఏడిపించింది మమ్మల్ని.

ఆదివారం పొద్దున్నే గంటస్తంభం దాటి పశువులాసుపత్రికి.
"దారం డబ్బులు మీవి, చెయ్యి నాది," అంటారు పట్నాయక్ డాక్టరు.
మత్తులో ఉండగానే ఎడమ చెవి కొస
గోరంత కత్తిరిస్తారు.
అయిపోయింది, మళ్లీ పట్టక్కర్లేదని గుర్తు.
"పంచింగే!" అని నవ్వారు గురివినాయుడు గారు.
తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఒక వారం మూడు రంగుల పిల్లి.
డాక్టరు పొట్ట తడిమి
"నాలుగున్నాయి లోపల. చేసెయ్యమంటారా?" అన్నారు.
తస్లీమా నన్ను చూసింది. నేను ఫ్యాను చూశాను.
అసిరితల్లి వరండాలోకెళ్లి మెట్టు మీద కూలబడింది.

"బళ్లో కేంపెట్టేరు బాబూ.
బల్లలన్నీ పక్కకి తోసీసి
మమ్మల్ని నేలమీద వరసాగ్గా తొంగోబెట్టేరు.
సేతి మీద సిరాతో నంబరు. నాది నలభై ఒకటి.
నాకప్పుడు ఇరవై రెండు.
ఏలిముద్ర మా అత్తేసింది.
మంచికో సెడ్డకో, ఇప్పుడది కాదు నాననేది.
తెలివొచ్చీసరికి పక్కన ఎవుళూ నేరు.
దాహం. గెడ్డ దాటుకుని నడిసొచ్చీనాను."

లేచి, పాతచీర ముక్క బోను మీద కప్పి
తన ఇంటికే తీసుకెళ్లిపోయింది.

రెండున్నర నెల్లకి తిరిగి తెచ్చింది.
తల్లిని ముందు. పిల్లల్ని, కిలో బరువు దాటాక, తర్వాత.
నాలుగింట్లో ఒకటి దక్కలేదు.
దాని గురించి మాట్లాడదు.

ఇప్పుడు కాలనీలో రాత్రుళ్లు నిద్ర పడుతోంది.
అందుకని ఎవరూ మమ్మల్ని మెచ్చుకోలేదు.
"పిల్లులకి ఆపరేషన్లేటి, పనీపాటా నేక," అని
టీకొట్టు దగ్గర ఒకటే నవ్వులు.
నా వెనకసీటు బొచ్చుకి తుమ్ములొస్తాయని
ఇద్దరు బడిపిల్లల బేరం పోయింది.

కానీ ఒకటి చెప్పాలి.
సూది వేసే ముందు, ప్రతిసారీ,
అసిరితల్లి బోను దగ్గర వంగి
ఆ ఎడమ చెవిలోనే చెప్తుంది:
"ఒలే, కోస్తన్నారు. ఇంకెప్పుడూ పిల్లలుండరు.
నానిక్కడే కూకుంతాను."
తెల్లార్లూ కూచుంటుంది కూడా.

వాటికి అర్థమవుతుందా అని ఒకసారి అడిగాను.
ఒళ్లోని బోను సర్దుకుంటూ అంది:
"బండి తియ్యరా బేగి,
సేపలొచ్చే యేళైపోతంది."