రెండు నడుములు

జుబైల్‌ల రాత్రి పదింటికి
పైపుల నడుమ ఎర్రలైటు పెట్టి, తాడు కట్టి
అందర్నీ అవతలికి తోలుతం.
నేనుండాలె. అదే నా కొలువు,
వెల్డింగు అతుకులకు ఫోటోలు దించుడు.
డబ్బల ఇరీడియం ఉంటది, చిటికెన గోరంత.
హ్యాండిల్ తిప్పితే గొట్టంల పడి పోయి
ఉక్కును పలుచని కాయితం తీర్గ చదువుతది.
లోపల గాలిబుడగ దాగుంటే
ఫిలిం మీద నల్లగ తేలుతది.
ఇంజినీరు గీత గీస్తడు: కోసి మళ్ల అతుకుండ్రి.

ఒకనాడు గొట్టం వంగి గోరంతది లోపల్నే చిక్కింది.
ఫోర్‌మన్ ఫోన్ల ఉన్నడు.
పానా పట్టుకొని నేనే పోయిన.
ఎంతసేపు?
బీడి అంటించి తాగి పారేసినంత.
బ్యాడ్జి?
గదిల సందుగల ఉన్నది.
అంకె పెరిగితే పనిలకెళ్లి తీసేస్తరని
ఫోర్‌మనే దాపిచ్చిండు.

దమ్మాం దవాఖానల నెత్తురు తీసిన్రు,
రెండు రోజులు గుడ్లు పొదిగినట్టు వెచ్చగ దాచిన్రు.
సూడాన్ డాక్టరమ్మ ఇక్బాల్
భూతద్దం కాడికి పిలిచింది.
నడుమ రాయచోటి నర్సు మస్తాన్‌బీ.
ఆమె అరబ్బీ ఈమె కడప తెలుగుల దిగి
నా సిరిసిల్ల చెవులల్ల పడేటాల్లకు
సగం నేనే అందుకున్న.

"ఒక్కో కణంలో నాలుగు మూరలకు పైనే
దారం ఉండాదంట నాయనా.
కండెలకు చుట్టి పెట్టినారంట,
ఒక్కోదానికి ఒకటిముప్పావు చుట్టు,
అట్లాంటివి మూడు కోట్లు.
క్రోమాటిన్ అంటారంట."
కండెల సంగతి నాకు చెప్పుతున్నవా బిడ్డా,
రాట్నం పక్కపొంటి పుట్టినోణ్ణి.

కిరణం తగిలిన కాడ పోగు తెగుతది.
తెగంగనే చుట్టుపక్కల కండెలకు గుర్తు పడుతదట,
సావు కబురు తీర్గ, వేల కండెల దాక.
చుట్టు వదులైతది.
అతికేటోళ్లు లోపలికి సొరాలె గద.
మేం సుత గంతే.
బిగిసిన పడుగుల వేలు దూరదు.
జర సడలిచ్చి, వేళ్లకు బూడిద అద్దుకొని
కొసకు కొస కలిపి పురి పెడతం.
పురి పడేదాక సాంచ ఆగాలె.
కణం సుత ఆగుతదట.
తెగినంక ఆగని సాంచ ఉంటదే,
దాని పేరు డాక్టరమ్మ చెప్పింది,
మస్తాన్‌బీ తెలుగు చెయ్యలే.

ఫోటోల సన్నపురుగులోలె నలబై ఆరు.
ఒక్కోదానికి ఒక్క నడుము.
వేలు పెట్టి చూపిచ్చింది: దీనికి రెండు.
దీని కొస దానికి, తొందర్ల, చీకట్ల అతికిన్రు.
ఐదువందల కణాలు లెక్కవెడితే
పదిహేడింటికి రెండేసి నడుములు.
బ్యాడ్జి సందుగల ఉన్నా
నెత్తురు అంకె రాసుకున్నది.

"మా గది గంగమల్లు బెంజీన్ ట్యాంకులు కడుగుతడు,
వాని దుప్పటి సుత తియ్యగ వాసనొస్తది.
వానికీ తెగుతదా?"
తెగొచ్చు.
ఒక్కోసారి పోగు మంచిగనే ఉంటదట,
మడతలే మారుతయట.
విప్పి ఉండాల్సినకాడ బిగుసుకుంటది,
కట్టిపెట్టిన థాను విప్పుకుంటది.
చీర అదే.
అంచు లోపలికి మడిచినంక
అంచున్నదని ఎవలికెరుక?

విప్పి మళ్ల చుట్టరాదా అన్న.
నవ్వలే ఆమె.
ఈ కణాలు సచ్చిపోతయి, కొత్తయి వస్తయి మూలుగలకెళ్లి,
ఆ మూలుగను ఆర్నెల్లకోపారి అడగాలన్నది.
ఫోటో ఒకటి అడుక్కొని
అకామా వెనక పెట్టుకున్న.

బస్సుల వస్తుంటే
రిఫైనరీ మంట అద్దం మీద ఊగుతాంది.
పదేండ్లల్ల ఎన్ని వేల అతుకులు చూసిన్నో,
లోపమున్న ఉక్కును కోసి పారేసేటోళ్లున్నరు.

గంగమల్లు అన్నం వారుస్తున్నడు.
"ఏమన్నరే?"
నేనేం చెప్పలే.
సందుగ తీసి బ్యాడ్జి అంగీకి పెట్టుకున్న,
గదిలనే, కంచం ముంగట కూసోని.
వాడు దాన్ని చూసిండు,
నన్ను చూసిండు,
లేసి పోయి
దుప్పటి మొకానికి పెట్టుకొని వాసన చూసిండు.