గాడి కొలత

కళింగపట్నం వైపు తారు అయిపోయిన చోట
జీపు ఆపి, మోకాళ్ల మీద కూర్చుని
నాలుగు టైర్లలోంచీ సగం గాలి వదిలేశాను.
వాల్వులో అగ్గిపుల్ల నొక్కిపట్టి
ఒక్కో చక్రం దగ్గరా నూరు దాకా లెక్కపెట్టడం
మేస్త్రీ తవిటినాయుడు నేర్పిన పద్ధతి.
ఇసకలోకి పోయేవాడు పొగరు తగ్గించుకుని పోవాలంటాడు,
టైరుకి చెప్తాడో నాకు చెప్తాడో తెలీదు.

వంశధార గట్టు కింద పల్లం.
ఉప్పుబళ్ల దారంటారు దీన్ని.
సముద్రం దగ్గర ఉప్పు ఎత్తుకున్న బళ్లు
ఏటి ఒడిలోంచే ఎగువకి పోయేవట,
కొండల కింది సంతల్లో
చింతపండుకీ కరక్కాయకీ మారుగా దించేవట.
ఫోన్లో ఈ దారి లేదు.
నీలం గీత ఒక్కటే ఉంది, అదీ నది.
దాని మీదే చూపిస్తోంది నన్ను,
పొడినేల మీద పోతున్నవాణ్ణి
నీళ్లలో నడుపుతున్నట్టు.

రెల్లు అద్దాలకి రాసుకుంటోంది.
మొదటి గేరు. చిన్న లివరు వెనక్కి.
అటవీశాఖ వేలంలో కొన్న బండి ఇది.
ఏనుగుల వెనక తిరిగి తిరిగి
హారన్ కొట్టడం మరిచిపోయింది.

ఒండ్రు అయిపోయి రాతిపరుపు తేలిన చోట
జంటగాడి కనిపించింది.
జానెడు లోతు. ఇనపపట్టాలు ఎన్నేళ్లు ఒరిస్తే
రాయి అంత మెత్తబడుతుందో.
గాడి అడుగున చీమలు బారుగా పోతున్నాయి,
దారి ఎవరూ మూసెయ్యలేదన్నట్టు.

ఎడమ చక్రం గాడిలో దించాను.
కుడి చక్రం బయటే ఉండిపోయింది.
దిగి అరచేత్తో కొలిచాను,
రెండు బెత్తెల తేడా.
ఎద్దుల మధ్య కాడి కొలిచిన వెడల్పు అది.
ఎవరో కాగితం మీద గీసిన వెడల్పు ఇది.
అలాగే ఒక పక్కకి ఒరిగి
సగం వాళ్ల దారిలో, సగం నా దారిలో
మైలు దూరం పోయాను.
సీసాలో నీళ్లొక్కటే సమంగా ఉన్నాయి.

తర్వాత తెల్లటి ఇసక
ఇరుసు దాకా మింగింది.
చక్రం తిరిగినకొద్దీ గొయ్యి.
పుచ్చపాదుల్లోంచి ఒకామె వచ్చింది.
కూరమ్మ. కూర్మమ్మ అనాలి కాబోలు,
తను మాత్రం కూరమ్మే అంది.
తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని
చక్రం కేసి చూసింది, నా కేసి చూళ్లేదు.

"తెల్లిసక మీద ఎల్లకూడదు బావూ,
అది ఏటి సొత్తు.
రెల్లు మొలిసిన కాడ గట్టిగుంటాది.
మా తాత ఉప్పుబండి తోలీవోడు,
ఎద్దు ఆగిందంటే దిగిపోయీవోడు.
నీ దానికి ఆగడం తెల్దు, మరేటి సేత్తావు."

పాదుల మీద కప్పిన తాటాకులు నాలుగు తెచ్చి
చక్రాల కింద దోపింది.
మొదటి ఆకు నలిగి పీచైపోయింది, రెండోది పట్టింది.
డబ్బులిస్తే తీసుకోలేదు.
రెండు పుచ్చకాయలు కొనమంది,
తూకం లేకుండా నూట ఇరవై చెప్పింది.
బేరమాడే మొహం నాకు లేదు.

"దారి ఇంకెంత దూరముంది?"
"దూరవేటి, అదిగో" అని నీళ్లు చూపించింది.

నిజమే. రాతిపరుపు వాలిన చోట
జంటగాడి తిన్నగా ఏట్లోకి దిగిపోయింది.
ఏరు జరిగింది, దారి జరగలేదు.
పలచటి నీళ్ల కింద రెండు గీతలు
నాలుగు బారల మేర కనిపించాయి,
ఆ తర్వాత లోతు.
ఫోన్ తీసి చూశాను,
ఇప్పుడు నన్ను గట్టు మీద చూపిస్తోంది.

ఇంజను ఆపాను. అది చల్లారేదాకా
టిక్కు టిక్కుమంటూనే ఉంది.
బానెట్ మీద కాయ పగలగొట్టి తిన్నాను.
ఉమ్మిన గింజలు గాడిలో పడ్డాయి, తియ్యలేదు.

వచ్చేటప్పుడు రెండో గాడికి వంతిచ్చాను.

గార దగ్గర పంచరు కుర్రాడు గాలి కొడుతూ
"బండి ఓ పక్కకి లాగతంది సార్,
అలైన్‌మెంటు సూపించుకోండి" అన్నాడు.
చూపిస్తానన్నాను.